రెక్కలు విప్పి, మళ్లీ బిగించి: చారిత్రక విమానాలు మ్యూజియం చేరే దారి

మ్యూజియంలో భద్రపరచవలసిన వస్తువులన్నింటిలోనూ విమానంతో వచ్చే చిక్కులు వేరు. శిలావిగ్రహం బరువైనదే కాని గట్టిది, తాళపత్ర గ్రంథం సుకుమారమైనదే కాని చిన్నది; పెద్ద విమానం మాత్రం వీధి వెడల్పును ఎన్నో రెట్లు మించిన రెక్కలతో ఉండి కూడా, చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే ఉండే అల్యూమినియం రేకుతో ఒళ్లంతా కప్పుకుని ఉంటుంది. బరువు తగ్గించడమే లక్ష్యంగా నిర్మించిన యంత్రం కాబట్టి, గాలిలో ఎన్నో టన్నుల భారాన్ని తట్టుకునే ఆ శరీరమే నేల మీద క్రేన్ పట్టీ తప్పుడు చోట బిగుసుకుంటే నలిగిపోతుంది. పైగా అది సేవలో ఉన్నంతకాలం దాన్ని కాపాడిన రోజువారీ తనిఖీలు, విడిభాగాల మార్పిడి, నిపుణులైన సాంకేతిక సిబ్బంది అన్నీ దాని సేవాకాలం ముగిసిన రోజుతోనే ఆగిపోతాయి. అందువల్ల పాత విమానాన్ని కొత్త మ్యూజియానికి చేర్చి, నిలబెట్టి, తరతరాలకు నిలిచేలా చూడడం ఇంజనీరింగు, రసాయనశాస్త్రం, చరిత్ర మూడూ కలిసిన విద్యగా ఎదిగింది. ప్రారంభోత్సవం నాటి ఫొటోల్లో కనిపించని ఈ పని ఎంత నిష్ఠగా జరిగిందన్నదాన్ని బట్టే ఆ మ్యూజియం విలువ తేలుతుంది.

తెలుగు పాఠకులకు ఇది దూరపు విషయం కాదు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఎదురుగా నిలిచిన టీయూ-142 విమానాన్ని ఏటా వేలాదిమంది చూస్తున్నారు. సోవియట్ యూనియన్‌లో టుపొలెవ్ సంస్థ రూపొందించిన ఈ రకం విమానాలను భారత నౌకాదళం 1988లో ఎనిమిదింటిని సమకూర్చుకుంది. మొదట గోవాలోని ఐఎన్ఎస్ హంస నుంచి, 1992 నుంచి తమిళనాడులో అరక్కోణం వద్ద ఉన్న ఐఎన్ఎస్ రాజాలి నుంచి అవి పనిచేశాయి. సముద్రంపై గంటల తరబడి తిరుగుతూ, నీటిలోని శబ్దాలను విని రేడియో ద్వారా పైకి పంపే సోనోబోయ్ అనే తేలుడు పరికరాలను జారవిడిచి, అడుగున దాగిన జలాంతర్గాముల జాడ పట్టడం వాటి విధి. సుమారు 53 మీటర్ల పొడవు, రెక్కల కొస నుంచి కొసకు 50 మీటర్ల వెడల్పు గల ఈ విమానానికి నాలుగు ఇంజన్లు ఉన్నాయి. దాదాపు 15,000 అశ్వశక్తి గల ఒక్కొక్క ఇంజన్ ఒకదాని వెనుక ఒకటిగా అమర్చిన రెండు ప్రొపెల్లర్లను పరస్పరం వ్యతిరేక దిశల్లో తిప్పుతుంది. ఇరవై తొమ్మిదేళ్ల సేవలో ప్రమాదమన్నది లేకుండా 30,000 గంటలు ఎగిరిన ఈ దళానికి 2017 మార్చి 29న రాజాలిలో వీడ్కోలు జరిగింది. వాటిలో ఒక విమానం ఏప్రిల్ 8న విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరమైన ఐఎన్ఎస్ డేగలో దిగింది.

అరక్కోణం నుంచి విశాఖకు వచ్చిన దూరం ఆ విమానానికి ఒక లెక్కలోనిది కాదు. నగరానికి పడమటి దిక్కున ఉన్న రన్‌వే నుంచి తూర్పున సముద్రపుటొడ్డుకు చేరడమే దానికి అసలైన ప్రయాణమైంది. యాభై మీటర్ల రెక్కలతో ఏ నగర వీధిలోనూ ముందుకు సాగే వీలు లేదు గనుక దాన్ని భాగాలుగా విడదీసి, ట్రైలర్ల మీద తరలించి, బీచ్ రోడ్డులో తిరిగి కూర్చారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు. దిగిన నాటి నుంచి ప్రారంభోత్సవం వరకు పట్టిన కాలం ఎనిమిది నెలలు. ఈ రకం పనికి అది చాలా తక్కువ వ్యవధి.

విమానాన్ని ఎక్కడ పడితే అక్కడ విడదీయడం కుదరదు. కర్మాగారంలో వేర్వేరుగా తయారైన భాగాలను చివరి దశలో ఒకటిగా చేర్చిన అతుకులు ప్రతి విమానంలోనూ కొన్ని ఉంటాయి. రెక్క శరీరంతో కలిసే చోట, బయటి రెక్క లోపలి రెక్కతో కలిసే చోట, తోక మొదలయ్యే చోట సాధారణంగా అవి కనిపిస్తాయి. తరలింపు బృందం పాత నిర్మాణ పటాల్లో మొదట వెతికేది ఈ అతుకులనే. వాటిని పట్టి ఉంచిన బోల్టులు దశాబ్దాల కిందట బిగించినవి, కొన్నిసార్లు ఆ తరువాత ఒక్కసారైనా విప్పనివి కావడంతో తుప్పుకూ రంగు పొరలకూ బిగుసుకుపోయి ఉంటాయి. సుత్తితో బాదితే బోల్టు ఊడవచ్చు గాని దాని చుట్టూ ఉన్న రంధ్రం సాగిపోతుంది, ఆ తరువాత రెక్క మునుపటి కోణంలో కుదరదు. కాబట్టి పలుచని నూనె పోసి రోజుల తరబడి నాననిచ్చి, రెక్క బరువును క్రేన్ సరిగ్గా మోస్తున్న స్థితి వచ్చాకనే వాటిని తీస్తారు. క్రేన్ ఒకింత తక్కువ ఎత్తినా, ఒకింత ఎక్కువ ఎత్తినా ఆ భారం అడ్డంగా బోల్టు మీదనే పడి అది కదలదు. సరైన ఎత్తు కుదిరిన క్షణంలో మాత్రం ముంజేతి మందం ఉన్న బోల్టు కూడా పెద్దగా బలం వాడకుండానే బయటికి వస్తుంది. ఆ ఎత్తును పట్టుకోవడం లెక్కలతో పాటు అనుభవం మీద ఆధారపడిన పని. ఈ రంగంలో పాతకాలపు విమాన మెకానిక్కులకు నేటికీ అంత గౌరవం ఉండడానికి కారణం ఇదే.

ఏ భాగాన్ని ముందు తీయాలన్నది కూడా ఆలోచించి తేల్చవలసిన విషయమే. మొత్తం బరువు ఒక్క బిందువులో ఉన్నట్లు లెక్కకట్టే స్థానాన్ని గరిమనాభి అంటారు. విమానం చక్రాల మీద నిలకడగా ఉండాలంటే ఈ బిందువు ముందు చక్రానికీ ప్రధాన చక్రాలకూ మధ్యలో పడాలి. ముందు వైపు బరువుగా ఉన్న ఇంజన్లను తీసేయగానే అది వెనక్కి జరుగుతుంది, లెక్క తప్పితే విమానం ముక్కు పైకి లేచి తోక నేలకు కొట్టుకుంటుంది. అందుకే ఒక్కొక్క భాగం తీసినప్పుడల్లా కొత్త గరిమనాభిని లెక్కించి, శరీరంలోని బలమైన చట్రాల కింద మాత్రమే ఆధారాలు నిలుపుతారు. ఈ పనికంతటికీ ముందు ట్యాంకుల్లోని ఇంధనాన్ని, దాని ఆవిరిని, హైడ్రాలిక్ నూనెను, ఆక్సిజన్ సిలిండర్లను, యుద్ధవిమానమైతే పైలట్ సీటును బయటికి విసిరే మందుగుండును తొలగిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానాల్లో మరొక అపాయం కూడా దాగి ఉంటుంది. చీకట్లో అంకెలు కనిపించడానికి అప్పటి మీటర్లకు రేడియం కలిపిన రంగు పూసేవారు. దాని మెరుపు ఏనాడో తగ్గిపోయినా రేడియోధార్మికత ఇప్పటికీ ఉంటుంది కనుక, ఆ మీటర్లను కొలిచి, విడిగా భద్రపరచి, వాటి దగ్గర పనిచేసేవారికి తగిన రక్షణ కల్పించవలసి ఉంటుంది.

అతుకులు లేని విమానం ఎదురైతే ఏమవుతుందో కాంకార్డ్ చరిత్ర చెబుతుంది. ధ్వనిని మించిన వేగంతో ప్రయాణికులను చేరవేసిన ఈ విమానంలో త్రికోణాకారపు రెక్క శరీరంలో భాగంగానే నిర్మితమైంది, దాన్ని విప్పదీసే ఉద్దేశం రూపకర్తలకు లేదు. 2003లో కాంకార్డ్ సేవలు ముగిశాక చాలా విమానాలు తమ మ్యూజియాల పక్కనున్న రన్‌వేల మీద స్వయంగా దిగాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు చెందిన జీ-బీఓఏఏ అనే విమానానికి మాత్రం ఆ అవకాశం లేకపోయింది. స్కాట్లండ్‌లోని ఈస్ట్ ఫార్చ్యూన్ విమాన మ్యూజియానికి దాన్ని చేర్చడానికి 2004లో రెక్కలను కోసి వేరుచేసి, లండన్ నుంచి థేమ్స్ నది మీదుగా బార్జిపై ఎక్కించి, సముద్రతీరం వెంట ఉత్తరానికి తీసుకుపోయి, చివరి అంచె రోడ్డు మీద నడిపి, మ్యూజియంలో తిరిగి అతికించారు. నేడు చూపరులకు ఆ కోత కనిపించదు. అయినా కోత కోతే. ఆ విమానం నిర్మాణంపై భవిష్యత్తులో పరిశోధన చేసేవారు ఆ గీత వెంబడి ఏది అసలో ఏది మరమ్మతో తెలుసుకోవాలంటే నాటి పని వివరాలన్నీ నమోదై ఉండాలి. విప్పిన ప్రతి బోల్టుకూ చీటీ కట్టి, ప్రతి గొట్టాన్నీ తీగనూ విడదీయక ముందు ఫొటో తీసి, రంగు కొలతలతో సహా పుస్తకంలో రాసిపెట్టడం బయటివారికి గుమాస్తా పనిలా తోచవచ్చు. ఆ రాతలు పోతే విమానం చరిత్రలో సగం పోయినట్లే.

ఎగరగలిగిన స్థితిలో ఉన్న విమానాన్ని ఎగురవేసి తీసుకురావడం తేలికని అనిపిస్తుంది, చాలాసార్లు అది నిజం కూడా. అమెరికా నిఘా విమానం ఎస్ఆర్-71 ఒకటి 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల 20 సెకన్లలో చేరి, వేగంలో రికార్డు నెలకొల్పుతూనే స్మిత్‌సోనియన్ సంస్థ చేతికి వచ్చింది. ఆ తరువాత అది తన మ్యూజియం భవనం లేచేవరకు డల్లెస్ విమానాశ్రయంలో పదమూడేళ్లు వేచి ఉంది. అయితే పాత యంత్రాన్ని ఎగురవేయడంలోని అపాయానికి స్ట్రాటోలైనర్ ఉదంతం సాక్ష్యం. బోయింగ్ 307 రకంలో ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క విమానమైన దీన్ని ఏళ్ల తరబడి శ్రమించి పునరుద్ధరించాక, 2002 మార్చి 28న సియాటిల్ దగ్గర ఇంధనం అయిపోయి సముద్రపు నీటిలో దిగవలసి వచ్చింది. లోపలివారు బతికి బయటపడ్డారు. ఉప్పునీటిలో మునిగిన విమానాన్ని పైకి తీసి, కడిగి, మరల బాగుచేసి, 2003 ఆగస్టులో డల్లెస్‌కు ఎగురవేశారు. ఒకటే మిగిలిన వస్తువును మరొక్కసారి గాలిలోకి పంపడం సమంజసమేనా అన్న ప్రశ్నపై మ్యూజియం నిపుణుల్లో భేదాభిప్రాయాలున్నాయి. సియాటిల్ ఘటన చూసినవారికి, వద్దనేవారి వాదనలోనే ఎక్కువ బలం కనిపిస్తుంది.

ఆ రెండు విమానాలూ చేరిన గమ్యం వాషింగ్టన్ శివార్లలోని స్టీవెన్ ఎఫ్. ఉద్వార్-హేజీ కేంద్రం. స్మిత్‌సోనియన్ వారి జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియం 1976లో నగరం నడిబొడ్డున తెరుచుకున్నప్పటికీ, పెద్ద విమానాలు ఆ భవనంలో పట్టవు. మిగిలిన సేకరణ మేరీలాండ్‌లోని సూట్‌లాండ్ గిడ్డంగుల్లో ప్రజల కంట పడకుండా ఉండిపోయింది. విమానాలను అద్దెకిచ్చే వ్యాపారంలో పేరుపొందిన ఉద్వార్-హేజీ ఇచ్చిన 6.5 కోట్ల డాలర్ల విరాళం అండగా, డల్లెస్ రన్‌వేకు ఆనుకుని కొత్త భవనం నిర్మించి 2003 డిసెంబరు 15న తెరిచారు. ప్రధాన హాలు సుమారు 300 మీటర్ల పొడవు, 76 మీటర్ల వెడల్పు, 31 మీటర్ల ఎత్తు. అందులో విమానాలు మూడు అంతస్తులుగా, అంటే నేల మీద కొన్ని, పైకప్పు దూలాల నుంచి రెండు ఎత్తుల్లో వేలాడుతూ మరికొన్ని ఉంటాయి. చూపరులు ఎత్తైన నడకదారుల మీద నుంచి వేలాడే విమానాల కాక్‌పిట్‌లోకి తొంగిచూడవచ్చు.

ఇలాంటి హాలును నింపడంలో క్రమం తప్పితే దిద్దుకోవడం కష్టం. ముందుగా నిలిపిన విమానం వెనుక వచ్చేదానికి దారి మూయకూడదు, పైన వేలాడవలసినవి వేలాడదీసే వేళకు కింద క్రేన్ తిరగడానికి చోటుండాలి, ఒకదాని రెక్క కొస మరొకదాని తోక కిందుగా చేతి వెడల్పు తేడాతో పోవాలి. అందుకని ప్రతి విమానం స్థానాన్నీ, అది తలుపులో నుంచి ఆ స్థానానికి చేరే దారినీ కంప్యూటర్‌లో ముందే గీసుకుంటారు. వేలాడదీసే విమానానికి తీగ ఎక్కడ కట్టాలన్నది దాని లోపలి నిర్మాణమే నిర్ణయిస్తుంది. రెక్కను నిలువునా మోసే వెన్నుదూలం, ల్యాండింగ్ గేర్ బిగించే చోటు వంటివి ఆ భారానికి అలవాటు పడినవి కనుక ఉక్కుతీగలను అక్కడే తగిలిస్తారు. ఆ తరువాత ప్రదర్శనకర్త ఊహకు పని ఉంటుంది. 1948 నుంచి 1950 వరకు వరుసగా అమెరికా మహిళా వైమానిక విన్యాసాల విజేతగా నిలిచిన బెట్టీ స్కెల్టన్ నడిపిన చిట్టి పిట్స్ విమానాన్ని ప్రవేశద్వారం దగ్గర తలకిందులుగా వేలాడదీశారు. ఆమె ఆ విమానంతో చేసిన పని ఏమిటో ఎంత పొడుగు వ్యాసం రాసినా చెప్పలేనంత స్పష్టంగా ఆ భంగిమ చెబుతుంది.

ఆ హాలులో అందరి చూపూ పడే విమానం ఎనోలా గే. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఈ బీ-29 బాంబర్‌ను 1949లో స్మిత్‌సోనియన్‌కు అప్పగించారు గాని, దాన్ని దాచే చోటు ఎక్కడా లేకపోయింది. ఇల్లినాయ్‌లోని పార్క్ రిడ్జ్, టెక్సస్‌లోని పయోట్ స్థావరాలు దాటి, 1953 డిసెంబరులో వాషింగ్టన్ సమీపంలోని ఆండ్రూస్ స్థావరం చేరడంతో దాని ఎగిరే జీవితం ముగిసింది. అక్కడ ఎండకూ వానకూ ఆరుబయట ఏళ్ల తరబడి ఉండిపోగా, జ్ఞాపికల కోసం కొందరు దాని భాగాలను ఊడబెరుక్కుపోయారు, పక్షులు లోపల గూళ్లు కట్టాయి. 1960లో విడదీయడం మొదలుపెట్టి మరుసటి ఏడు ముక్కలను సూట్‌లాండ్‌కు చేర్చారు. 1984 చివరిలో ఆరంభమైన పునరుద్ధరణకు దాదాపు రెండు దశాబ్దాల్లో 3 లక్షల పనిగంటలు పట్టాయి. ఆరుబయట గడిచిన ఏడేళ్లలో కలిగిన నష్టాన్ని సరిచేయడానికి ఆ శ్రమలో పెద్ద వాటా పోయిందన్నది గుర్తుంచుకోదగిన విషయం. 2003లో భాగాలను రోడ్డు మార్గాన డల్లెస్‌కు తెచ్చి, 43 ఏళ్ల తరువాత తొలిసారిగా రెక్కలతో సహా పూర్తి రూపంలో నిలబెట్టారు. 43 మీటర్ల వెడల్పున్న ఆ విమానాన్ని నేలకు రెండున్నర మీటర్ల ఎత్తున ఆధారాల మీద ఉంచడం వల్ల దాని కింద చిన్న విమానాలకు చోటు దొరకడమే గాక, చేతులు తగలని దూరం కూడా ఏర్పడింది.

అంతకు మునుపు, 1995లో, దాని ముందు భాగాన్ని మాత్రమే నగరంలోని పాత భవనంలో ప్రదర్శించబూనినప్పుడు చెలరేగిన వివాదం మ్యూజియాల చరిత్రలో చిరకాలం చెప్పుకునేది. బాంబు వేయాలన్న నిర్ణయాన్ని, నేల మీద మరణించినవారిని కూడా చర్చించే ప్రదర్శనను సంస్థ తలపెట్టింది. అది తమ త్యాగాలను చిన్నబుచ్చుతుందని మాజీ సైనికుల సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. ఆ ప్రణాళిక రద్దయి డైరెక్టర్ మార్టిన్ హార్విట్ రాజీనామా చేశారు. ఆ తరువాత పెట్టిన ప్రదర్శనలోనూ, 2003 నాటి ఫలకంలోనూ యంత్రం వివరాలకే ప్రాధాన్యం దక్కింది. ఆ తీర్పుతో ఏకీభవించడం కష్టం. ఒక విమానం పొడవు, వేగం, ఇంజన్ శక్తి తెలిపి, అది చేసిన పని వల్ల కింద ఉన్న మనుషులకు ఏమైందో చెప్పకపోతే, ఎంత జాగ్రత్తగా తుప్పు వదిలించినా ఆ వస్తువు సగమే భద్రమైనట్లు. నిజాయితీ గల ఫలకం మాటలు కూడా సంరక్షణలో భాగమే.

ఇక మెరుగు సంగతి. పాత విమానం చేతికి రాగానే గీకి, మరమ్మతు చేసి, కొత్త రంగు వేసి తళతళలాడించడమే పునరుద్ధరణ అన్న భావన ఒకప్పుడు బలంగా ఉండేది. ఇప్పుడు దృష్టి మారింది. ఒకదాని మీద ఒకటి వేసిన రంగు పొరలు, మార్చిన గుర్తులు, యుద్ధంలో పడిన మచ్చలు ఆ విమానం స్వయంగా రాసుకున్న దస్తావేజులని, ఒకసారి గీకేస్తే అవి మళ్లీ దొరకవని సంరక్షకులు గుర్తించారు. ఫ్లాక్-బెయిట్ అనే పేరు గల బీ-26 బాంబర్ ఇందుకు ఉదాహరణ. ఐరోపా గగనతలంలో 200కు పైగా దాడుల్లో పాల్గొని తిరిగివచ్చిన ఈ విమానానికి శత్రువుల ఫిరంగి తునకలు చేసిన రంధ్రాలు వెయ్యికి మించి ఉన్నాయి. ప్రతి రంధ్రం మీద యుద్ధకాలంలో హడావుడిగా బిగించిన రేకుముక్కలు ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో, కొన్ని పక్క రంగుతో కలవకుండా, రివెట్లు వంకరటింకరగా ఇప్పటికీ ఉన్నాయి. ఉద్వార్-హేజీ కేంద్రంలోని పనిశాలలో దీనికి కొత్త రంగు వేయడం లేదు. పొరలుగా ఊడిపోతున్న పాత రంగును బలహీనమైన చోట జిగురుతో నిలబెట్టి, మురికిని మాత్రమే తొలగించే పద్ధతి అనుసరిస్తున్నారు. చేసే పని ఎంత తక్కువగా కనిపిస్తే అంత బాగా చేసినట్లని ఇక్కడి లెక్క.

లోహం విషయంలో మాత్రం తక్కువ పని చాలదు. విమానాలకు వాడే అల్యూమినియం మిశ్రలోహంలో బలం కోసం రాగి కలుపుతారు. ఆ రాగే తుప్పుకు దారి ఇస్తుంది. స్వచ్ఛమైన అల్యూమినియం మీద గాలి తగలగానే ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది గాని, ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ ఛేదించి లోపలికి గుంటలు తవ్వుతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి అతికే చోట్ల, రివెట్ తలల కింద, ఉక్కు బోల్టు అల్యూమినియానికి ఆనే చోట ఉప్పుతేమ చేరితే పైకి ఏమీ కనిపించకుండానే లోహం పొరలు పొరలుగా విచ్చుకుని తడిసిన పుస్తకంలా ఉబ్బుతుంది. ఉప్పు ఎంత మొండిదో 2013 జూన్ 10న ఇంగ్లండ్ తీరంలోని గుడ్విన్ సాండ్స్ దగ్గర సముద్రం నుంచి పైకి తీసిన జర్మన్ డార్నియర్-17 బాంబర్ చూపింది. 1940లో కూలిన ఆ విమానాన్ని కాస్‌ఫర్డ్‌లోని వైమానికదళ మ్యూజియానికి తెచ్చి, ప్లాస్టిక్ సొరంగాల్లో ఉంచి, సిట్రిక్ ఆమ్లం, అంటే మన ఇళ్లలో నిమ్మఉప్పు అనేది, కలిపిన పలుచని ద్రావణాన్ని దాని మీద ఎడతెగకుండా చిలకరించారు. గట్టిపడిన సముద్రపు మట్టినీ లోహంలో ఇంకిన క్లోరైడ్‌నూ మెల్లమెల్లగా కరిగించి బయటికి తేవడానికి ఎన్నుకున్న మార్గం అది.

విశాఖ తీరానికి ఈ రసాయనం నేరుగా వర్తిస్తుంది. టీయూ-142 నిలిచిన చోటికీ కెరటాలకూ మధ్య ఉన్న అడ్డు ఒక రోడ్డూ ఇసుకతిన్నే. సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు తుంపర పగలు రెక్కల మీద ఎండిపోతుంది, తెల్లవారుజామున మంచుతో కలిసి మళ్లీ కరుగుతుంది. రోజూ సాగే ఈ తడి, ఎండ చక్రం లోహాన్ని నిరంతరం తడిగా ఉంచినదానికంటే ఎక్కువగా తింటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు టైర్ల రబ్బరును పగిలేలా చేసి, కిటికీల ప్లాస్టిక్‌ను మసకబారుస్తాయి. గాలివానల మాట సరేసరి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానులో విశాఖ విమానాశ్రయ టెర్మినల్ కప్పు దెబ్బతిన్న సంగతి నగరవాసులకు తెలుసు. మ్యూజియంలో నిలిపినంత మాత్రాన రెక్క తన స్వభావాన్ని మరువదు, తుపాను గాలి దాని మీదుగా వీచినప్పుడు అది విమానాన్ని పైకి ఎత్తజూస్తుంది. అందువల్ల ఆరుబయటి విమానాన్ని పునాదులకు లంగరు వేసి కట్టడం తప్పనిసరి. ఆరుబయట ఉన్నంతకాలం మంచినీటితో తరచు కడగడం, కింది భాగంలోని నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడడం, లోపల తేమను లాగే యంత్రాలు నడపడం, ఏటా అతుకులను తెరిచి పరీక్షించడం అనే నాలుగు పనులు ప్రపంచంలోని ఏ తీరప్రాంత మ్యూజియానికైనా వర్తించేవే.

విశాఖ మ్యూజియంలో చూపరులను విమానం లోపలికి పంపడం ఒక విశేషం. ఉద్వార్-హేజీలో అది దొరకదు. సోనోబోయ్‌ల సంకేతాలు వింటూ పరికరాల నడుమ ఇరుకున పది గంటలకు పైగా కూర్చునే సిబ్బంది జీవితం ఎలాంటిదో ఆ సన్నని దారిలో నడిచిన పిల్లలకు చెప్పకనే తెలుస్తుంది. ఎదుట కురుసుర, ఇవతల దాని వంటి జలాంతర్గాములను వేటాడిన విమానం అన్న పొందిక కూడా చక్కనిది. అయితే రోజూ వందలమంది అడుగుల బరువు, వారి ఊపిరిలోని తేమ, చేతుల చెమట ఆ లోపలి భాగాన్ని అరగదీస్తాయి కాబట్టి, ఒకసారికి కొద్దిమందినే పంపి, నేల మీద అదనపు పలకలు పరిచి, పరికరాలకు పారదర్శకమైన అడ్డు పెట్టడం ద్వారా మాత్రమే ఆ సౌకర్యాన్ని దీర్ఘకాలం కొనసాగించవచ్చు. నిర్వహణ వ్యయం భరించలేనప్పుడు ఏమవుతుందో తొలి విక్రాంత్ విమానవాహక నౌక చూపింది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పోరాడిన ఆ నౌక ముంబైలో మ్యూజియంగా కొంతకాలం నడిచి, 2012లో మూతబడి, 2014లో పాత ఇనుము కింద అమ్ముడుపోయింది.

విశాఖ విమానానికి కావలసినది పైకప్పు. అది సాధ్యం కానంత పెద్ద కోరిక కాదని ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ నిరూపించింది. అక్కడికి 1983లో ఎగిరివచ్చిన అమెరికన్ బీ-52 బాంబర్ పద్నాలుగేళ్లు ఆరుబయటే ఉంది. టీయూ-142కు మూలమైన టీయూ-95కు అది సమకాలికం, ప్రచ్ఛన్న యుద్ధంలో దాని ప్రత్యర్థి. దాని రెక్కల వెడల్పు 56 మీటర్లు, అంటే విశాఖ విమానం కంటే ఆరు మీటర్లు ఎక్కువ. ఆ కొలతనే ఆధారంగా తీసుకుని వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ మధ్యలో ఒక్క స్తంభమూ లేని కాంక్రీటు కమాను కప్పును రూపొందించగా, 1997లో ఆ భవనం తెరుచుకుంది. బీ-52 చుట్టూ, దాని రెక్కల కిందా మరెన్నో విమానాలు చేరాయి. ముందువైపు ఉన్న పెద్ద గాజు గోడను మొత్తంగా విప్పదీసే వీలుతో కట్టారు. అందువల్లనే 2016లో ముగిసిన మరమ్మతుల సమయంలో ఆ గోడను తొలగించి, విమానాలను బయటికి తెచ్చి, ఒక్కొక్కదాన్ని శుభ్రం చేసి, తిరిగి లోపల వాటి స్థానాల్లో నిలపగలిగారు.